కదపకూడని చుక్క

నేను ఒక చుక్కను.

చుక్క అంటే కాగితం మీద పెన్నుతో పెట్టేది కాదు, వాకిట్లో ముగ్గుకు పెట్టేదీ కాదు. వాటికి కాస్తో కూస్తో ఒళ్ళుంటుంది. నాకు పొడవు లేదు, వెడల్పు లేదు, బరువు అసలే లేదు. నేనంటే మూడు అంకెలు. ఇంజిను ఒక చివర నుంచి ఎంత దూరం, మధ్య గీత నుంచి ఎంత పక్కకి, అడుగు నుంచి ఎంత ఎత్తు. ఆ మూడూ కలిసే చోట నేనుంటాను.

నా పని తెలియాలంటే ముందు నేనుండే ఇంజిను గురించి చెప్పాలి. అది ఇనుముది కాదు, కంప్యూటరులో లెక్కలతో కట్టింది. ఏ ఇంజినుకైనా పోత పోయించే ముందు దాన్ని ఇలా లెక్కల్లో కట్టి, లోపల మంట పెట్టి, చుట్టూ చల్లబరిచే నీళ్ళు పారించి చూస్తారు. ఆ నీళ్ళూ లెక్కలే. అయినా నిజం నీళ్ళు ఎక్కడ సుడి తిరుగుతాయో ఇవీ అక్కడే తిరుగుతాయి, నిజం నీళ్ళు ఎక్కడ మరుగుతాయో ఇవీ అక్కడే మరుగుతాయి. అంత ప్రవాహంలో ప్రతి మూలనూ చూస్తూ కూర్చోవడం మనుషులకు కుదరదు గనక, అనుమానం ఉన్న చోట్ల మాలాంటి వాళ్ళను కాపలా పెడతారు. మమ్మల్ని మానిటర్ పాయింట్లని, ప్రోబులని అంటారు. నీళ్ళు నా మీదుగా పోతుంటే ఎంత వేడిగా ఉన్నాయో చెప్పడమే నా కొలువు. లెక్కను ఒకసారి నడపడాన్ని రన్ అంటారు; ఒక్క రన్‌లో కొన్ని వేల సార్లు అడుగుతారు, విసుక్కోకుండా చెబుతాను. అడిగింది చెప్పడమే తప్ప అడగనిది చెప్పే నోరు మాత్రం నాకు లేదు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి.

నాతోటి చుక్కలకు ఒకటి, రెండు, మూడు అని నంబర్లే. నాకు మనిషి పేరు పెట్టారు. అప్పన్న. ఆ మనిషి పెద్దకర్మ జరిగిన మర్నాడు నేను పుట్టాను.

నన్ను పుట్టించింది రుక్మాంగదరావుగారు. విశాఖపట్నం ఆటోనగర్‌లో జనరేటర్లకు డీజిల్ ఇంజిన్లు చేసే కంపెనీ ఒకటుంది. అందులో ఆయన లెక్కల ఇంజనీరు. మేడ మీద ఏసీ గదిలో ఆయనా, కంప్యూటర్లూ. కింద టెస్టింగ్ హాలు. మధ్యలో పంతొమ్మిది ఇనప మెట్లు. పైన లెక్క తేలిన ఇంజిన్ని కింద నిజంగా చేసి, రోజుల తరబడి ఫుల్ లోడు మీద నడిపి చూస్తారు. అలా నడిపేవాళ్ళలో అందరికన్నా పెద్దవాడు అప్పన్న.

అప్పన్నకు మీటర్ల మీద నమ్మకం లేక కాదు గానీ, ఆయనకు ఇంకో అలవాటుండేది. మూరెడు పొడుగు స్క్రూడ్రైవరు ఒకటి ఎప్పుడూ చేతిలో పెట్టుకునేవాడు. దాని మొన ఇంజినుకు ఆనించి, పిడి చెవికి ఆనించి, కళ్ళు మూసుకుని లోపలి చప్పుడు వినేవాడు. ఒకరోజు మధ్యాహ్నం, ఫుల్ లోడు టెస్టు నడుస్తుండగా, ఆ స్క్రూడ్రైవరు పట్టుకునే మెట్లెక్కి పైకొచ్చాడు.

"బాబూ, మూడో సిలిండరు కాడ నీళ్ళు మాటాడతన్నాయి," అన్నాడు.

రుక్మాంగదరావుగారు స్క్రీను మీంచి తల తిప్పలేదు. "ఏం మాట్లాడుతున్నాయి అప్పన్నా?"

"నవ్వులాట కాదు బాబూ. గంజి పొంగే ముందు గిన్నె అడుగున సన్నగా సప్పుడొస్తాది సూడండి, అలగున్నాది. ఓపాలి ఆపి సూద్దారి."

"నీళ్ళ సగటు తొంభై ఆరు డిగ్రీలుంది. నేను లెక్క కట్టాను. తొంభై ఆరుకి ఆ నీళ్ళు మరగవు. వెళ్ళి నడుపు."

"మీరు నెక్క కట్టినారంటే మరేటుంటాది," అని అప్పన్న దిగిపోయాడు.

ఇంకో గంటన్నరకు మూడో సిలిండరు మీద మూతలా ఉండే హెడ్డు పగిలింది. అప్పటికి అప్పన్న ఆ పక్కనే వంగి, పిడి చెవికి ఆనించుకుని ఉన్నాడు. ఒక్కసారిగా ఎగజిమ్మిన ఆవిరి ఆయన మొహం మీదా గుండెల మీదా పడింది. మూడో రోజున ఆస్పత్రిలో పోయాడు.

ఇవన్నీ నేను చూసినవి కావు. రుక్మాంగదరావుగారు చెప్పగా విన్నవి. ఎవరికి చెప్పారంటారా? నాకే. మధ్యాహ్నం అందరూ క్యాంటీనుకు పోయాక గదిలో ఒక్కరే కూర్చుని, క్యారేజీ విప్పకుండా, నాకు చెప్పేవారు. మనిషికి చెప్పుకోలేనిది చుక్కకు చెప్పుకోవచ్చని ఎలా తోచిందో ఆయనకు.

పెద్దకర్మ మర్నాడు ఆయన పాత ఫైలు తెరిచారు. మూడో సిలిండరు మీద, పొగ బయటికి వదిలే రెండు వాల్వుల మధ్య, నీళ్ళు పోవడానికి వేలెడు వెడల్పు కూడా లేని సందు ఒకటుంది. అంతవరకూ ఆ సందులో ఎవరూ కాపలా లేరు. అక్కడ నన్ను పెట్టి, పేరు టైపు చేసి, రన్ నొక్కారు. "చెప్పు అప్పన్నా," అన్నారు.

నా మొట్టమొదటి జ్ఞాపకం అదే. తొంభై. నూట రెండు. నూట పదిహేడు. చుట్టూ ఉన్న నీరంతా తొందరగా పక్కదారుల్లో వెళ్ళిపోతోంది, నేనున్న సందులో మాత్రం కదలకుండా నిలిచిపోయింది. నూట ఇరవై ఆరు. గోడ నుంచి సన్నటి బుడగలు లేచాయి. నూట ముప్పై ఒకటి. తరవాత నా దగ్గర నీళ్ళు లేవు, ఆవిరే. ఆవిరి వెనక ఎర్రబడుతున్న ఇనుము. ఇంజిను మొత్తం మీద సగటు ఎంతో తెలుసా? తొంభై ఆరు. ఆయన లెక్క తప్పలేదు. వెయ్యి చోట్ల చల్లగా ఉంటే ఒక్క చోటు కాలినా సగటుకు చీమ కుట్టినట్టయినా ఉండదు.

ఆయన స్క్రీను ముందు కదలకుండా కూర్చున్నారు. తరవాత మళ్ళీ రన్ నొక్కారు. పంపు వేగం మార్చి ఒకసారి, లోడు తగ్గించి ఒకసారి, ఏమీ మార్చకుండా ఊరికే ఒకసారి. నలభై సార్లు. ఇంచుమించు ప్రతిసారీ నేను సున్నా నుంచి మొదలుపెట్టి అదే సందులో, అదే మరుగుడులోకి వెళ్ళాను. ఒక్క రన్‌లోనైనా అది జరగకుండా పోతుందేమోనని ఆయన ఆశ. లోడు బాగా తగ్గించినప్పుడు నిజంగానే జరగలేదు. అప్పుడాయన టేబులు మీద తల పెట్టి ఏడ్చారు. గంటన్నర ముందు అప్పన్న అడిగింది కూడా అంతే కదా, ఓపాలి ఆపి చూడమని.

ఆ తరవాత హెడ్డు డిజైను మార్చారు, సందు వెడల్పు చేశారు. నేను నూట మూడు దగ్గర నిలిచాను; ఒత్తిడిలో ఉండే ఇంజిను నీళ్ళు నూట ఇరవై దరిదాపులకు వస్తే గాని మరగవు. ఆ ఫైలును మూసే ముందు రుక్మాంగదరావుగారు నా పేరు పక్కన వ్యాఖ్య రాసే చోట ఒక వాక్యం రాశారు: "ఈ చుక్కను ఎవరూ కదపవద్దు." కింద తన పేరు పెట్టారు. నాలుగేళ్ళ తరవాత రిటైరై బొబ్బిలి వెళ్ళిపోయారు. వెళ్ళేరోజు స్క్రీను మీద నా గీతను వేలితో ఒకసారి తడిమారు. అద్దం మీద మరక పడింది. ఎవరో వచ్చి తుడిచారు.

ఇక నా ప్రయాణం. ఈ లెక్కల ఇంజనీర్లలో ఒక పద్ధతుంది. ఒక్కో ఇంజిను లెక్కను కేసంటారు; ఎవరూ ఏ కేసునూ మొదటి నుంచి కట్టరు. పాత కేసు ఫోల్డరును కాపీ చేసి, పాత ఇంజిను తీసేసి కొత్త ఇంజిను పెట్టి, మిగతాదంతా అలాగే ఉంచుకుంటారు. అలా నేను ఒక ఇంజిను నుంచి ఇంకో ఇంజినులోకి, ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మారుతూ వచ్చాను. ఒకాయన నాకు ఊదా రంగు వేశాడు. ఇంకొకాయన తన గ్రాఫులో గీతలు అందంగా ఉండాలని కొలతను సున్నా నుంచి వెయ్యి డిగ్రీల దాకా పెట్టాడు. అందులో ఏ ఇంజినైనా అలల్లేని చెరువులా నిలకడగా కనబడుతుంది. ఆయనకు ఆ ఏడాది ప్రమోషన్ వచ్చింది.

కొన్నాళ్ళకు అప్పన్నంటే ఎవరో అందరూ మరిచిపోయారు. విశాఖపట్నంలో అప్పన్నంటే ఇంకెవరు, సింహాచలం స్వామే అనుకున్నారు. ఎవరో భక్తుడు పాతకాలంలో పెట్టి ఉంటాడు, కదపవద్దని కూడా రాశాడు, మనకెందుకు అనుకున్నారు. పెద్ద రన్ నొక్కే ముందు ఒకమ్మాయి స్క్రీను తాకి కళ్ళకద్దుకునేది. ఏ ఇంజినును కిందికి పంపాలన్నా ఆఖరున ఒక ప్రశ్న అడగడం ఆనవాయితీ అయింది. "అప్పన్న ఏమంటున్నాడు?" నేను నూట పదికి లోపల ఉంటే సంతకాలు పడేవి. కాలిపోయిన మనిషి పేరు మీద నేను దేవుడి పూజలు అందుకుంటున్నాను. చెప్పే నోరుంటే చెప్పేదాన్ని.

నేను పుట్టిన పన్నెండేళ్ళకు తనూజ వచ్చింది. జాగ్రత్తయిన పిల్ల. ప్రతి పనికీ నోటుబుక్కులో టిక్కు పెట్టుకునే రకం. ఆమెకు అప్పజెప్పింది కంపెనీ ఇంతవరకూ చేసిన వాటిలో అన్నిటికన్నా పెద్ద ఇంజిను. డ్రాయింగులు బయటి ఆఫీసులో గీయించారు. మా కంపెనీలో మొదటినుంచీ ఇంజిను పొడవును ఫ్యాను చివర నుంచి కొలిచేవారు. వాళ్ళు అటు చివర, ఫ్లైవీలు వైపు నుంచి కొలిచారు. వాళ్ళ సున్నా ఉన్నది మన ఆఖరి అంకె దగ్గర. తనూజ ఇది కనిపెట్టింది. ఆమె తెలివి తక్కువది కాదు. పదకొండు చుక్కల్నీ ఒక్కొక్కటిగా కొత్త కొలతకు మార్చి, పదకొండు టిక్కులు పెట్టుకుంది. పన్నెండోది నేను. నా పక్కన ఉన్న వాక్యం చదివింది. కదపవద్దు. ఆమె చెయ్యి మౌసు మీద ఆగిపోయింది. "స్వామిని మనమెందుకు కదపాలిలే," అనుకుని నన్ను అలాగే వదిలేసింది.

పాత అంకెలు కొత్త ఇంజినులో నన్ను తీసుకెళ్ళి రెండు సిలిండర్ల మధ్య దళసరి ఇనుప గోడలో పడేశాయి. అక్కడ నీళ్ళే లేవు. సాఫ్ట్‌వేరుకు మర్యాద ఎక్కువ. ఈ చుక్క నీళ్ళలో లేదు, దగ్గర్లో నీళ్ళున్న గడిలోకి జరుపుతున్నానని, చేసిన పనులన్నీ రాసుకునే లాగ్ ఫైలులో ఒక వరుస రాసి, నన్ను జరిపేసింది. నాలుగు వేల వరుసల్లో అదొక వరుస. అది ఎవరూ చదవలేదు.

నేను వెళ్ళి పడింది రేడియేటరు నుంచి చల్లటి నీళ్ళు అప్పుడే లోపలికొచ్చే పెద్ద దారిలో. హాయిగా ఉంది అక్కడ. ఎనభై ఎనిమిది. ఎనభై ఎనిమిది. ఎనభై ఎనిమిది. అలా చెప్పిన ప్రతిసారీ నాకు ఆ నలభై రన్‌లు గుర్తొచ్చాయి. నేనుండాల్సిన సందు అటెక్కడో ఉంది. అక్కడ కాపలా లేరు. అక్కడ ఏమవుతోందో నాకు తెలియదు, నన్ను అడిగేవాళ్ళకూ తెలియదు. నేను అబద్ధం చెప్పలేదు. నేనున్న చోటు గురించి నిజమే చెప్పాను. అంతకన్నా చెడ్డ పని ఉంటుందని నేననుకోను.

మేనేజరు చలపతిగారు గుమ్మంలోంచి తల పెట్టారు. "అప్పన్న ఏమంటున్నాడమ్మా?"

"ఎనభై ఎనిమిది సార్."

"మంచిది. ఇంత పెద్ద ఇంజిను ఇంత చల్లగా ఎప్పుడూ చూళ్ళేదు. సోమవారం టెస్టు మొదలెట్టేద్దాం. వంద గంటలు, ఫుల్ లోడు."

టెస్టు కాగితాలన్నీ నేనున్న ఫోల్డరులోకే వస్తాయి. పక్కవాటా వాళ్ళ సంగతులు మనకు తెలిసినట్టే పక్క ఫైళ్ళ సంగతులు నాకు తెలుస్తాయి. హాల్లో ఇంజిను పక్కన ఎవరుండాలో చెప్పే అనుమతి పత్రం అందులో ఉంది. మన దేశంలో ఏ పత్రమైనా తండ్రి పేరు అడక్కుండా ఉండదు కదా. టెక్నీషియన్: బోర పైడమ్మ. డిప్లొమా. తండ్రి పేరు: అప్పన్న, లేటు.

ఆ తండ్రి పోయినప్పుడు ఈ పిల్ల ఆరో తరగతి అని రుక్మాంగదరావుగారు నాకు ఒకసారి చెప్పారు. సోమవారం నుంచి వంద గంటలు ఆ పిల్ల నేను కాపలా లేని సందు పక్కన నిలబడబోతోంది. నేనేం చేయగలను? ఎనభై ఎనిమిది అన్నాను.

శుక్రవారం పొద్దున ఆమె మెట్లెక్కి పైకొచ్చింది.

టెస్టు ముందు చేసే పని ఒకటుంది. లెక్కల ఇంజినులో మేము ఎక్కడెక్కడ ఉంటామో ఆ జాబితా అచ్చు వేసి కిందికి పంపుతారు. కిందివాళ్ళు నిజం ఇంజినుకు సరిగ్గా అవే చోట్ల సన్నటి కన్నాలు వేసి వేడి కొలిచే తీగలు దించుతారు. పైన లెక్కా కింద నిజమూ సరిపోయాయో లేదో అప్పుడు తెలుస్తుంది. ఇనుములో ఒకసారి కన్నం పడితే పూడ్చడం కుదరదు గనక, పైడమ్మ ముందుగా నిలువునా కోసిన హెడ్డు ముక్క మీద అన్ని చోట్లూ సుద్దతో గుర్తు పెట్టి చూసుకునేది. అది ఆమె సొంత అలవాటు, ఎవరూ చెప్పింది కాదు. ఇప్పుడు ఆ హెడ్డు ముక్కను రెండు చేతులతో మోసుకొచ్చి తనూజ టేబులు మీద పెట్టింది.

"మేడమ్, పదకొండూ సరీగ్గా నీటి దార్లోనే పడ్డాయండి. ఈ పన్నెండోది మాత్రం ఇనుంలో పడతంది. ఇక్కడ నీళ్ళెక్కడున్నాయండి?"

తనూజ చూసింది. సుద్ద గుర్తు దళసరి గోడ నట్టనడుమ ఉంది. "అలా ఎలా అవుతుంది? అప్పన్న ఎనభై ఎనిమిది చూపిస్తున్నాడు కదా."

"ఇనుం మద్దిన నీళ్ళ ఏడి ఎలగ సూపిస్తాదండి?"

తనూజ లాగ్ ఫైలు తెరిచి, నా పేరు కొట్టి వెతికింది. మర్యాదగా రాసిన ఆ ఒక్క వరుస బయటపడింది. ఆమె దాన్ని రెండుసార్లు చదివింది. "నేను దీన్ని కదపలేదు," అంది, ఎవరో నిలదీసినట్టు. "కదపవద్దని ఉంది, చూడండి. అందుకే కదపలేదు."

పైడమ్మ వంగి స్క్రీను మీద వాక్యం చదివింది. కింద ఉన్న పేరు చదివింది.

"ఈయన్ని నానెరుగుదును," అంది. "మా అయ్య పోయినప్పుడు మా ఇంటికొచ్చినారు. గుమ్మం బైటే నిలబడిపోనారు, నోపలికి రానేదు. మా యమ్మ మంచినీళ్ళిస్తే తాగనేదు."

"మీ నాన్నగారు..."

"ఇక్కడే సేసీవోరండి. అప్పన్న. జాబితాలో పేరు సూడగానే అనుకున్నాను గాని, సామి పేరేమోలే అని ఊరుకున్నాను."

తనూజ కుర్చీలోంచి లేచి నిలబడింది. ఎందుకు లేచిందో ఆమెకే తెలిసినట్టు లేదు. రోజూ స్క్రీను తాకి కళ్ళకద్దుకునే అలవాటు ఆమెకూ అబ్బింది మరి.

పాత రికార్డుల్లో రుక్మాంగదరావుగారి నంబరు దొరికింది. తనూజ ఫోను స్పీకరు మీద పెట్టింది.

"అప్పన్న గురించి సార్," అనగానే అటువైపు కుర్చీ జరిగిన చప్పుడైంది.

"కదిపారా?"

"లేదు సార్, కదపలేదు. కొత్త ఇంజినుకి సున్నా అటు చివర ఉంది. మిగతావన్నీ మార్చాను, ఇదొక్కటీ..."

ఆయన గొంతు సన్నగా వచ్చింది. "నేను కాపలా కాయమన్నది ఆ సందుని తల్లీ, అంకెల్ని కాదు. ఏ సందో రాయాల్సింది. ఎందుకో రాయాల్సింది. రాయడానికి నాకు చెయ్యి రాలేదు. అప్పుడు ఇంజిను ఆపకపోతిని, తరవాత ఇది రాయకపోతిని. హాల్లో ఎవరున్నారు?"

పైడమ్మ ఫోను వైపు వంగింది. "నానున్నానండి. బోర అప్పన్న కూతుర్ని."

"నువ్వా," అన్నారాయన. "ఆ ఇంజిను దగ్గరికి వెళ్ళకమ్మా," అన్నారు.

"ఎల్లకుంటే ఎలాగండి, నా పనే అది. నానెల్లకుంటే ఇంకోరెల్తారు. మీరు సోటు సెప్పండి బాబూ, రాసుకుంటాను."

ఆయన చెప్పారు. పన్నెండేళ్ళ తరవాత, కాగితం చూడకుండా, నిత్యం సంధ్యావందనం చేసేవాడు మంత్రం చెప్పినంత తడబాటు లేకుండా చెప్పారు. మూడో సిలిండరు. పొగ వాల్వులు రెండింటి నడుమ. గోడకు రెండు మిల్లీమీటర్ల ఇవతల. పైడమ్మ జాబితా వెనక రాసుకుంది. తనూజ నన్ను కదిపింది.

అంతలో చలపతిగారు వచ్చారు. సంగతి విని విసుక్కున్నారు. రన్ మళ్ళీ మొదలుపెడితే రెండున్నర రోజులు పడుతుంది, సోమవారం పొద్దున కంపెనీ పెద్దవాళ్ళు టెస్టు చూడ్డానికి వస్తున్నారు. "ఒక్క చుక్క కోసం అంతా ఆపమంటావా? సగటు తొంభై ఆరుంది కదమ్మా. సగటు బాగానే ఉంది."

స్పీకరులో మళ్ళీ కుర్చీ జరిగిన చప్పుడైంది. ఫోను ఇంకా పెట్టెయ్యలేదని ఎవరికీ గుర్తు లేదు.

"సగటుకి ఒళ్ళు కాలదండి," అంది పైడమ్మ. గొంతు పెంచలేదు. "మడిసికి కాల్తాది. నిలబడిన కాడ కాల్తాది."

చలపతిగారు ఆమెకేసి చూశారు. తరవాత కోసిన హెడ్డు మీద సుద్ద గుర్తుకేసి చూశారు. మొండివాడే గాని చెడ్డవాడు కాదు. "సోమవారం పొద్దున పది గంటలకి నాకు అంకె కావాలి," అని వెళ్ళిపోయారు.

అలా నేను మళ్ళీ ఆ సందులోకి వెళ్ళాను. కొత్త ఇంజినే కావచ్చు, నాకు గోడలు గుర్తే. నీళ్ళు నన్ను దాటి పక్కదారుల్లోకి పరుగెత్తడం గుర్తే. తొంభై ఒకటి. నూట నాలుగు. వద్దనుకున్నాను. ఈసారైనా తప్పిపోతే బాగుండుననుకున్నాను. రుక్మాంగదరావుగారు నలభై సార్లు ఏం కోరుకున్నారో నేనూ అదే కోరుకున్నాను. నూట పంతొమ్మిది. సన్నటి బుడగలు. ఎవరో నా మీదికి వంగి కళ్ళు మూసుకుని వింటున్నట్టనిపించింది. లెక్కల ఇంజినులో మనుషులుండరని నాకు తెలుసు. అయినా అనిపించింది. నూట ఇరవై ఎనిమిది అన్నాను. నాకున్న గొంతంతా పెట్టి అన్నాను.

సోమవారం పొద్దున పది గంటలకు తనూజ ఆ అంకె చూపించింది. చలపతిగారు సగటు మాట ఎత్తలేదు. వచ్చిన పెద్దవాళ్ళకు టీలిచ్చి పంపేశారు. సందు వెడల్పు చేసి కొత్త పోత పోయించేసరికి పది వారాలు పట్టింది. ఆ పది వారాలూ తనూజ లాగ్ ఫైళ్ళను మొదటి వరుస నుంచి ఆఖరి వరుస దాకా చదివింది. ఇప్పటికీ చదువుతుంది.

కొత్త హెడ్డుకు పైడమ్మ స్వయంగా కన్నం వేసింది, గోడకు రెండు మిల్లీమీటర్ల ఇవతల. అందులోకి సన్నటి తీగ దించింది. నాకంటూ ఈ లోకంలో ఒక ఒళ్ళు ఏర్పడడం అదే మొదటిసారి. టెస్టు గంటగంటకూ రాసే లాగ్ నా ఫోల్డరులోకే వచ్చేది. అందులో ప్రతి తీగకూ ఒక గడి, ఆఖరున రిమార్కులు రాసే గడి. ఆ గడిలో మామూలుగా అంతా నిల్ అని రాస్తారు.

పదమూడు గంటల పాటు పైడమ్మ కూడా నిల్ అనే రాసింది. పద్నాలుగో గంటకు ఇంజిను పూర్తిగా వేడెక్కి, నా తీగ పై గదిలోని లెక్కకు సరిగ్గా సమానమై, నూట నాలుగు దగ్గర నిలిచింది. అప్పుడామె చేసిన పని తనూజ అద్దాల కిటికీలోంచి చూసింది, తరవాత ఫోనులో చెబుతుంటే నేను విన్నాను. పాత పనిముట్ల పెట్టెలోంచి మూరెడు స్క్రూడ్రైవరు తీసి, మొన మూడో సిలిండరుకు ఆనించి, పిడి చెవికి ఆనించి, కళ్ళు మూసుకుందట. అంతసేపు అలా ఉండిపోతే తనూజకు భయం వేసి అద్దం మీద తట్టిందట. పైడమ్మ కళ్ళు తెరిచి, తల ఊపి, వెళ్ళి రిమార్కుల గడిలో రాసింది: "నీళ్ళు మాటాడ్డం నేదు."

తనూజ అది బొబ్బిలికి ఫోను చేసి చదివి వినిపించింది. ఆయన మళ్ళీ చదవమన్నారు. మళ్ళీ చదివింది. "ఇవాళ భోంచేస్తానమ్మా," అని ఫోను పెట్టేశారు.

కిందటి ఏడు సాఫ్ట్‌వేరు మార్చారు. కొత్తది చుక్కల్ని తనే పెట్టుకుంటుంది, తనే నంబర్లు వేసుకుంటుంది. తనూజ అందులో నా సందును తన చేత్తో చూపించి గాని వదల్లేదు. నన్ను మాత్రం పాత ఫైళ్ళతో కలిపి ఒక మూల భద్రపరిచారు. పంపే ముందు ఆమె నా పక్కన ఉన్న పాత వాక్యం కింద ఇంకో రెండు వాక్యాలు చేర్చింది. "ఇంజిను మారినప్పుడల్లా ఈ చుక్కను కదిపి అదే సందులో పెట్టాలి. ఇక్కడ బోర అప్పన్న అనే మనిషి నీళ్ళ మాట విని చెప్పాడు, మేము వినలేదు." మేము అంది. అప్పన్న పోయేనాటికి ఆమె ఏడో తరగతో ఎనిమిదో తరగతో చదువుతూ ఉండుంటుంది.

ఇక్కడ చీకటీ లేదు, వెలుగూ లేదు. ఆ నలభై రన్‌లు నా పక్కనే ఉన్నాయి. వాటినెవరూ చెరిపెయ్యలేదు. వాటిలో అప్పన్న ఇంకా మెట్లు దిగుతూనే ఉన్నట్టు, సందులో నీళ్ళు ఇంకా గొణుగుతూనే ఉన్నట్టు ఉంటుంది నాకు. ఇప్పుడు నన్నెవరూ ఏమీ అడగరు. అయినా తొంభై, నూట రెండు, నూట పదిహేడు అని చెబుతూనే ఉంటాను. ఎవరో ఒకరు అప్పన్నను మెట్ల మీదనే ఆపి, వెనక్కి పిలిచి, ఇంజిను ఆపమని చెప్పేదాకా.